అద్దాల గది ఈ కోటలో లేదు

మూడు కోటలు తిప్పి చూపించే వ్యాను డ్రైవరు ఒక్క కోటలోనూ అడుగు పెట్టలేదన్న సంగతి చాలా ఏళ్ళపాటు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అతను దాచిపెట్టిందేమీ లేదు. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. అంతే.

ఆ ఎడారిలో పాత రాజధానులు మూడున్నాయి. మొదటి ఊళ్ళో కోట కొండ మీద ఉంటుంది, దాని కాళ్ళ దగ్గర ఇరుకు సందుల బజారు. రెండో ఊరికి కోట కన్నా రాణుల మహలుతోనే పేరు. మూడోది దూరం. రెండు పక్కలా ఇసుక తప్ప ఏమీ లేని రోడ్డు మీద పొద్దున బయలుదేరితే, మధ్యాహ్నానికి ఇసుక రంగులోనే ఒక కోట కనిపిస్తుంది. దగ్గరికి పోయేదాకా అది కోటో ఇసుక దిబ్బో తేల్చుకోలేం. టూరిస్టులను ఎక్కించుకుని ఈ మూడు ఊళ్ళూ తిప్పి తీసుకురావడం అతని ఉద్యోగం. పెళ్ళికి ముందు నుంచీ అదే పని.

పనిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు. ఏ పూట ఏ గోడ నీడ ఎటు పడుతుందో, ఇసుక గాలి లేస్తే బండి మొహం ఎటు తిప్పి నిలపాలో, ఏ టీ కొట్టు బాత్రూముకి లోపల గడియ ఉందో అన్నీ తెలుసు. కోట వాకిలి ముందు బండి ఆపి, పెద్దవాళ్ళు దిగడానికి చిన్న పీట వేసి, "నీళ్ళ సీసాలు మర్చిపోకండి. తీరిగ్గా చూసి రండి" అనేవాడు. తర్వాత సీటు వెనక్కి వాల్చి, తడి తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకునేవాడు. తోటి డ్రైవర్లు కూడా పడుకునేవారు కానీ, వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు లోపలికి పోయి చూసొచ్చినవాళ్ళే. ఇతను రాజుగారి పిలుపు కోసం కాచుకున్నట్టు గుమ్మం దగ్గరే ఆగిపోతాడని "సామంతుడు" అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేవాడు.

మొదట్లో కారణం ఉండేది. ప్రయాణికుల పెట్టెలన్నీ బండిలోనే ఉండేవి, తలుపు తాళం సరిగ్గా పడేది కాదు. తర్వాత ఓనరు కొత్త బండి కొన్నాడు. దాని తాళాలు భేషుగ్గా పడేవి. కానీ అప్పటికి తువ్వాలు అలవాటైపోయింది.

కోట గురించి అతనికి తెలిసిందంతా తిరిగొచ్చిన ప్రయాణికులు వెనక సీట్లలో మాట్లాడుకున్నదే. దాన్నిబట్టి కోటల్లో మెట్లు ఎక్కువ, బాత్రూములు తక్కువ. ఎక్కడో ఒక అద్దాల గది ఉంది, అది చాలా బాగుంటుంది. రాజుగారి మంచం మరీ పొట్టిది. ఈ మంచం మాట ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరి నోట వినిపించేది. అందువల్ల అతని దృష్టిలో రాజులంటే చిన్న మనుషులు, మోకాళ్ళు మాత్రం గట్టివి.

స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు మీద రెండు గదుల ఇంట్లో కాపురం. అతని భార్య ఆ కొట్టుకే కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇచ్చేది. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి అతను ట్రిప్పు నుంచి రాగానే, సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏం చూశారు?" అని అడిగింది. కొత్త పెళ్ళాంతో 'ఏమీ చూడలేదు' అనడం ఏం బాగుంటుంది? వెనక సీట్లో విన్నదే చెప్పాడు. ఏనుగుల వాకిలి దాటాక మెట్ల మీద ఒకావిడ కాలు బెణికించుకుందని చెప్పాడు.

"కుడి పక్క మెట్లా, ఎడమ పక్కా?" అందామె.

అతనికి తెలియదు. మరుసటి వారం ట్రిప్పులో ఒక ముసలాయన్ని అడిగి తెలుసుకొచ్చి, "కుడి పక్క" అని చెప్పాడు. ఆమె తలాడించి, "మెట్లెక్కాక ఏముంది?" అంది. మళ్ళీ ఇంకో ట్రిప్పు, ఇంకో ప్రశ్న. ఒకాయన టోపీ గాలికి ఎగిరిపోయిన బురుజు, ఒక కొత్త జంట పోట్లాడుకుని చెరో పక్క కూర్చున్న మెట్లబావి, ఒక పిల్లవాడు తల ఇరికించిన కిటికీ, ఇలా ఆ ఇంట్లోకి కోటలు ముక్కలు ముక్కలుగా వచ్చి చేరాయి. ఆమె చేతిలో కాజా, నోట్లో దారం కొస, చెవి ఇటు. పిల్లలిద్దరూ ఈ కబుర్లు వింటూనే పెద్దవాళ్ళై, వేరే ఊళ్ళలో ఉద్యోగాల్లో చేరారు. వాళ్ళకీ నాన్న కోటలు చూడలేదని తెలియదు.

పుట్టింటివాళ్ళు ఫోను చేసినప్పుడల్లా ఆమె, "కోటలన్నీ మా ఆయనకి కొట్టిన పిండి" అనేది. అతను పక్కనే కూర్చుని వినేవాడు. కాదనేవాడు కాదు.

వచ్చిన చిక్కల్లా ఆమె అక్కగారి భర్త రిటైరవడంతో వచ్చింది. ఈ తోడల్లుడు తూనికలు కొలతల శాఖలో పనిచేసినవాడు. కూరగాయలు కొనడానికి వెళ్ళినా కూర వైపు చూడడు, త్రాసు ముల్లు వైపు చూస్తాడు. జేబులో చిన్న టేపు ఎప్పుడూ ఉంటుంది. ఉద్యోగం ముగిశాక కొలవడానికి ఇంట్లో ఏమీ మిగలక, "కోటలు చూసొద్దాం, మీ మరిది ఉన్నాడుగా" అన్నాడు. అక్కా బావా బయలుదేరారు. కొడుకు ఇంట్లో ఉంటున్న అత్తగారిని కూడా దారిలో ఎక్కించుకొచ్చారు. ఎండలు ముదిరి టూరిస్టులు పలచబడిన రోజులు కాబట్టి, ఓనరు బండి ఇవ్వడానికి అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్తాడేమోనని డ్రైవరు కాస్త ఆశపడ్డాడు.

కొండ కోట ముందు అతను మామూలుగా పీట వేసి అందరినీ దింపాడు. మామూలుగానే, "నీళ్ళ సీసాలు మర్చిపోకండి. తీరిగ్గా చూసి రండి" అన్నాడు.

"నువ్వు రావా?" అన్నాడు తోడల్లుడు.

"బండి దగ్గర ఒకరుండాలి కదా, అన్నయ్యా."

"తాళం లేదా?"

"ఉంది."

"పడదా?"

"పడుతుంది."

"ఆయన రాకపోతే మనకి చెప్పేదెవరు బావా?" అంది అతని భార్య, చెంగు నడుముకి దోపుకుంటూ. దాంతో మాట ముగిసింది. అతను బండికి తాళం వేసి, పడిందో లేదో మరోసారి లాగి చూసి, వాళ్ళ వెంట నడిచాడు. టికెట్లు చింపే మనిషి ప్రతి ట్రిప్పులోనూ అతనితో కలిసి టీ తాగేవాడే. చెయ్యి చాచి, అలాగే ఆగిపోయి, "ఏంటి, ఎవరైనా తప్పిపోయారా?" అని అడిగాడు.

"లేదు. చూడ్డానికొచ్చాను" అన్నాడు డ్రైవరు తగ్గు గొంతుతో.

పెద్ద తలుపులకి మనిషి ఎత్తు పైన, ఏనుగు నుదురు తగిలే చోట, ఇనప మేకులు బారులు తీరి ఉన్నాయి. అవి ఎందుకని వదినగారు అడిగింది.

"తలుపు గట్టిగా ఉండటానికి" అన్నాడు.

"బయటి వైపుకి మొన తేలి ఉన్నాయి కదా?" అన్నాడు తోడల్లుడు.

"బయటి వైపు ఇంకా గట్టిగా ఉండటానికి."

తోడల్లుడు టేపు తీసి, మునివేళ్ళ మీద లేచి ఒక మేకు పొడుగు చూసుకున్నాడు. అక్కడ దారి రెండుగా చీలింది. అందరూ అతని వైపు చూశారు. ఎన్నో ఏళ్ళుగా రోడ్ల మీద తిరిగినవాడు, తెలియని చోట తడబడితే వెనక కూర్చున్నవాళ్ళు భయపడతారని ఎరిగినవాడు. అందుకని ఏమాత్రం ఆలోచించనట్టు ఎడమకి తిరిగాడు. కొంత దూరం పోయాక ఊడ్చేవాళ్ళు చీపుర్లు పెట్టుకునే గది వచ్చింది, దాని పక్కన బాత్రూములు.

"మంచి చోటికే తెచ్చావు నాయనా" అంది అత్తగారు. అందరూ ఆ పని చూసుకున్నారు. మళ్ళీ బయలుదేరి, ఒక చీకటి వాలు దిగి, ఒక వంపు తిరిగేసరికి ఎదురుగా ఎండలో అతని వ్యాను కనిపించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. తర్వాత పోయింది.

"ఇది బయటికి పోయే దారండీ" అంది అక్కడ ఊడుస్తున్నావిడ. "లోపల చూశారా, చూడలేదా?"

అతని భార్య అతని మొహంలోకి చూసింది. సూదికి దారం ఎక్కించేటప్పుడు కన్ను చిన్నది చేసి చూస్తుందే, ఆ చూపు. ఆమెకి ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో అతనికి తెలియలేదు. ఆమె అక్కవైపు తిరిగి మామూలు గొంతుతో, "ముందు ఇటు తీసుకొస్తారు. అమ్మ మెట్లెక్కలేదని" అంది. తర్వాత, "పదండి, మిగతాది నేను చూపిస్తాను, ఆయన గొంతు బాలేదు" అంది.

అతని గొంతు బాగానే ఉంది. కానీ ఆ రోజంతా అది బాగాలేనట్టే ఉంచుకున్నాడు.

ఆమె ముందు నడిచింది. ఏనుగుల వాకిలి దగ్గర క్షణం ఆగి, కుడి పక్క మెట్లెక్కింది. "అక్కా, ఇక్కడ మెల్లిగా, ఈ మలుపులో మెట్టు ఒకటి ఎత్తు తక్కువ. ఒకావిడ కాలు బెణికింది" అంది. మెట్టు నిజంగానే ఎత్తు తక్కువ. తోడల్లుడు టేపుతో చూసి, సంతృప్తిగా "తేడా ఉంది" అన్నాడు. పైకెళ్ళాక, "ఈ బురుజు మీద గాలి ఎక్కువ. బావా, టోపీ పట్టుకో" అంది. తోడల్లుడు పట్టుకున్నాడు. మెట్లబావి ఆమె చెప్పిన చోటే ఉంది. పిల్లవాడు తల ఇరికించిన కిటికీ కూడా ఉంది, ఇప్పుడు దానికి జాలీ బిగించారు. రాజులెవరో, యుద్ధాలెప్పుడో ఆమె చెప్పలేదు. ఆమెకి తెలిసిన కోటలో జనం పడిపోయారు, అలిసిపోయారు, నీళ్ళు లేక గొడవపడ్డారు, ఒకాయన ఇదే గోడకి ఆనుకుని రిటైరైతే ఏం చెయ్యాలో పెళ్ళాంతో మాట్లాడాడు. ఆ గోడ దగ్గర తోడల్లుడు కాసేపు నిలబడ్డాడు.

అన్నీ సరిగ్గా చెప్పిందనీ కాదు. మేడ మీద పొడుగాటి వసారా చివర తలుపు తోసి, "ఇదే అద్దాల గది" అంది. లోపల విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. కాపలావాడు వచ్చి, "అద్దాల గది ఈ కోటలో లేదమ్మా" అన్నాడు.

"ఉండాలే" అందామె.

"లేదమ్మా. నేను ఇక్కడే పనిచేస్తున్నాను."

రాజుగారి మంచం మాత్రం ఉంది, ఎర్ర తాడు కట్టి అవతల పెట్టారు. అది పొట్టిది కాదు. డ్రైవరు ఇంట్లో పడుకునే మంచం కన్నా పొడుగే. అతను దాని వైపు అలా చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా పొట్టివాళ్ళనుకున్న రాజులందరినీ ఒక్కసారిగా సాగదీసుకోవాల్సి రావడం అతనికి కష్టంగా ఉంది. తోడల్లుడు తాడు ఇవతల నుంచే కంటితో కొలిచి, "మామూలు మంచమే. ఎత్తు ఎక్కువ కాబట్టి పొట్టిగా కనిపిస్తుంది" అన్నాడు. డ్రైవరుకి ఆ మాట ఊరటగా అనిపించింది. తోడల్లుడంటే మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

రెండో ఊళ్ళో రాణుల మహలు చూశారు. ఆమె అక్కడ కూడా కాపలావాణ్ణి అడిగింది. అద్దాల గది ఆ మహల్లోనూ లేదు. కానీ పై అంతస్తులో రాణులు వీధిని చూసే రాతి జాలీ ఉందని తెలిసి, మొదటి రోజు మెట్లెక్కలేక కింద బెంచీ మీదే కూర్చున్న అత్తగారు, "నేనూ వస్తా" అంది.

"నీ మోకాళ్ళతోటా?" అంది పెద్ద కూతురు.

"అల్లుళ్ళున్నారుగా."

అల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ చేతులు ఒకరివి ఒకరు పెనవేసి పీటలా పట్టుకున్నారు. ఆవిడ ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసి కూర్చుంది. మెట్లు ఇరుకు. తోడల్లుళ్ళిద్దరూ పక్క పక్కన పట్టక, ఎండ్రకాయల్లా అడ్డంగా ఎక్కారు. సగం దూరంలో తోడల్లుడు ఆయాసపడుతూ, "అత్తయ్యగారి బరువు ఎంత ఉంటుందంటావు?" అన్నాడు.

"అన్నయ్యా, ఇప్పుడొద్దు" అన్నాడు డ్రైవరు.

"ఫరవాలేదు నాయనా, చెప్పు" అంది అత్తగారు పైనుంచి.

పైన ఆవిడని జాలీ ముందు దింపారు. ఆవిడ కంటికి ఎదురుగా ఉన్న రంధ్రంలోంచి చూసింది. కింద రోడ్డు, ఆటోలు, బుడగలు అమ్మే మనిషి, తగువాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు.

"ఏముందమ్మా?" అంది చిన్న కూతురు.

"రోడ్డే."

కానీ ఆవిడ కదల్లేదు. అందరూ మిగతా గదులన్నీ చూసొచ్చినా అక్కడే ఉంది. లేపబోతే, "మనం ఎవరికీ కనపడం. అందరూ మనకి కనపడతారు. ఇంట్లో ఇలాంటిది ఒకటుంటే కోడలికీ నాకూ మాట వచ్చేది కాదు" అంది. వాళ్ళు పక్కన చతికిలబడ్డారు. గాలి చల్లగా తగులుతోంది. మహలు మూసే వేళ దాకా అలా కూర్చుని, అల్లుళ్ళు ఆవిడని మళ్ళీ ఎండ్రకాయ నడకతో దింపారు.

మూడో ఊరి కోటలో అద్దాల గది ఉంది.

అది లోపలెక్కడో, గాలి కూడా సరిగ్గా రాని చోట ఉంది. వరస కట్టి, కొద్దిమందిని ఒక్కోసారి లోపలికి వదులుతున్నారు. వీళ్ళ వంతు వచ్చి లోపలికి వెళ్తే అంతా చీకటి. గోడలకి పొదిగిన అద్దపు ముక్కలు మసిబారి, చేప పొలుసుల్లా మసక మసకగా ఉన్నాయి. 'దీనికోసమా ఇంత' అని డ్రైవరు అనుకుంటుండగా కాపలావాడు తలుపు మూసి, ఒక దీపం వెలిగించి పైకెత్తాడు.

గది మొత్తం, గోడలు, కప్పు, మూలలు అన్నీ ఒకేసారి అంటుకున్నట్టు వెలిగాయి. దీపం కదిలితే ఆ వెలుగులన్నీ కదిలాయి. అత్తగారు ఏదో గొణిగింది. తోడల్లుడు జేబులో చెయ్యి పెట్టి, టేపు పట్టుకుని, తియ్యకుండానే ఊరుకున్నాడు. డ్రైవరు తల పైకెత్తి నోరు కొద్దిగా తెరిచి చూస్తూ నిలబడ్డాడు. వెనక సీట్లలో ఎంతమంది ఎన్నిసార్లు చెప్పారు, బాగుంటుంది, చాలా బాగుంటుంది అని. అతను అద్దం సరిచేసుకుంటూ, గేరు మారుస్తూ, వినేవాడు. ఇది వాళ్ళు చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకీ చేతకాలేదేమో.

దీపం ఆరింది. తలుపు తెరిచారు. బయట అందరూ తలో మాట అంటున్నారు. కాసేపటికి అతను లేడు. భార్య వెతికితే, వరస చివర కొత్తగా వచ్చినవాళ్ళ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. వరస మెల్లగా జరుగుతోంది.

"ఒక్కసారి కూడా వెళ్ళలేదా?" అంది. గొంతులో కోపం లేదు. "ఎప్పుడూ?"

"లేదు."

"ఎందుకని?"

అతను నిజంగానే ఆలోచించాడు. పెట్టెలు, తాళం, తువ్వాలు అన్నీ గుర్తుచేసుకున్నాడు. అవేవీ కారణంలా అనిపించలేదు.

"ఎవరూ రమ్మనలేదు" అన్నాడు.

ఆమె తన ముందు నిలబడ్డ మనిషి చొక్కా వీపు వైపు చూసింది. ఆ కాలరు కుట్టు సరిగ్గా లేదు.

"నన్నూ తీసుకెళ్ళమని నేను అడగలేదు" అంది. "మీకది ఆఫీసు లాంటిది కదా, మధ్యలో నేనెందుకనుకున్నాను."

"అడగాల్సింది."

"మీరూ అడగాల్సింది."

వాళ్ళ వంతు వచ్చింది. రెండోసారి దీపం ఎత్తినప్పుడు ఆమె కప్పు వైపు కాకుండా అతని వైపు చూసింది. అతని మొహం నిండా చిన్న చిన్న వెలుగులు పాకుతున్నాయి. బయటికొచ్చాక, "మీ చొక్కా పై గుండీ వదులైంది, ఇంటికెళ్ళాక గుర్తు చెయ్యండి" అంది.

తోడల్లుడు ఊరికెళ్ళి, మరదలి మొగుడు ఒట్టి అమాయకుడనీ, మరదలు మాత్రం కోటల్ని చీపురు పుల్లలతో సహా చూపిస్తుందనీ చుట్టాలందరికీ చెప్పాడు. దాంతో మరుసటి ఏడాది చుట్టాలు, చుట్టాల చుట్టాలు రావడం మొదలైంది. వాళ్ళని తిప్పుతుంటే మామూలు ప్రయాణికులు కూడా వెనక చేరి వినేవారు. ఇది చూసి ఓనరు, "ఆవిడని గైడు పరీక్ష రాయమను, ఊరికే ఎందుకు" అన్నాడు. ఆమె కాజాలు కుడుతూనే చదివింది. మొదటిసారి తప్పింది. రాజుల వరసలు కుదర్లేదు, తాతని మనవడి తర్వాత కూర్చోబెట్టింది. రెండోసారి గట్టెక్కింది. ఇప్పుడు మెడలో కార్డు వేసుకుని, రాజుల పేర్లు ముందు గబగబా చెప్పేసి, తర్వాత కాలు బెణికినావిడ దగ్గరికి వస్తుంది. జనం అప్పుడు ఫోన్లు దించి వింటారు.

అతను బండికి తాళం వేసి గుంపుకి ఆఖర్న నడుస్తాడు. వెనకబడ్డవాళ్ళని కలుపుకొస్తాడు, మెట్లెక్కలేని పెద్దవాళ్ళకి చెయ్యి అందిస్తాడు. ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు నడిచే భార్య వైపు చూపిస్తాడు. తోటి డ్రైవర్లు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళలో ఒకరిద్దరు కూడా ఇళ్ళ నుంచి భార్యల్ని తీసుకొచ్చి తిప్పారు. ఒకతనికి అది బెడిసికొట్టింది, దారి విషయంలో ఇద్దరూ పోట్లాడుకుని బండిలో మాటల్లేకుండా ఇంటికెళ్ళారు.

ఈ మధ్య అతనికి కుడి మోకాలు పట్టేసింది. భార్య వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మోకాలు వంచి, చాపి, నొక్కి చూసి, "మెట్లు బాగా ఎక్కుతారా?" అని అడిగాడు.

"రోజూ అండీ."

"తగ్గించాలి. ఉద్యోగం ఏంటి?"

"డ్రైవర్నండీ."

డాక్టరు చీటీ రాస్తున్నవాడు కలం ఆపాడు. "డ్రైవరుకి మెట్లేంటండీ?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పూటకోసారి రాసుకోమని పూతమందు రాసిచ్చాడు.